మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ

కృష్ణా డెల్టాలో ప్రామిసరీ నోటు రాయని ఊరు ఉండదు. అరఠావు కాగితం, అడుగున రెవెన్యూ స్టాంపు, సగం స్టాంపు మీదా సగం కాగితం మీదా పడేలా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, కింద మూలగా ‘దస్తూరి’ అని రాసినవాడి పేరు. కుటుంబ అవసరాల నిమిత్తం ఈ రోజున మీ వద్ద పుచ్చుకున్న రొక్కం ఇంత అని మొదలవుతుంది. వడ్డీ నెలకు నూటికి ఇంత అని నడుస్తుంది. మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ అసలూ వడ్డీ చెల్లించగలవాడనని ముగుస్తుంది. సంతకం పెట్టేవాడి కళ్లు అంకె మీదా వడ్డీ మీదా ఉంటాయి. ఆ చివరి మాట దగ్గర ఎవరూ ఆగరు. నిజానికి కథంతా ఆ మాటలోనే ఉంది.

నోటు తిరగేస్తే వెనకవైపు మరో చరిత్ర కనిపిస్తుంది. మూడేళ్లలో కాలదోషం పట్టకుండా అప్పుడప్పుడూ వేయించుకున్న చెల్లు ఒకటి. అవసరం మీదపడి, నోటును ఇంకొకరికి రాసిచ్చేస్తే ఆ రాత మరొకటి. ఈ రెండోదాన్ని కోస్తాలో ‘మేడోవర్’ అంటారు. ఇంగ్లీషు కోర్టు కాగితాల్లోంచి దస్తావేజు లేఖరుల నోటికి, అక్కణ్నుంచి రైతుల నోటికి వచ్చి తెలుగైపోయిన మాట. లక్ష రూపాయల నోటు చేతిలో ఉంది, బాకీదారు ఇవాళ రేపు అంటున్నాడు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారనుకోండి. ఎనభై వేలు తీసుకుని నోటు మేడోవర్ చేసేస్తారు. కొన్నవాడికి వసూలు చేసుకునే ఓపిక ఉంటుంది, కొన్నిసార్లు మనుషులూ ఉంటారు. బాకీదారుకు మాత్రం ఏమీ మారదు. నిన్న ఒక గుమ్మానికి కట్టాల్సిన లక్ష ఇవాళ ఇంకో గుమ్మానికి కట్టాలి. మధ్యలో తగ్గిన ఇరవై వేల ఊసు అతని దాకా రాదు.

బ్యాంకులు తమ రాని బాకీలను ఇలాగే మూటకట్టి మరొకరికి అమ్మడానికి భారత పార్లమెంటు 2002లో ఒక చట్టం చేసింది. దాని పూర్తి పేరు ఊపిరి తిప్పుకోకుండా చదవలేం. పొడి అక్షరాల్లో సర్ఫేసీ. ఆ పేరులో మొదటి ముక్క ‘సెక్యూరిటైజేషన్’, అంటే అప్పును చేతులు మారే పత్రంగా మార్చడం. ఇది వాల్‌స్ట్రీట్ నుంచి దిగుమతైన విద్య అని చాలామంది అనుకుంటారు. 1970లో అమెరికా ప్రభుత్వ సంస్థ జిన్నీ మే హామీతో ఇళ్ల తనఖాల మూటల మీద పత్రాలు వచ్చాయి కాబట్టి అక్కడే పుట్టిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. గుడివాడ పక్కనున్న ఒక పల్లెటూరి కథ వింటే ఆ లెక్క తేడా కొడుతుంది. ఆ పల్లెకు చేరేముందు ఒకసారి బందరు రేవు దాకా వెళ్లాలి.

17వ శతాబ్దం మొదటి పదేళ్లలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు బందరులో దిగారు. వాళ్లకు కావాల్సింది చుట్టుపక్కల పల్లెల్లో నేసే బట్ట, అద్దకం గుడ్డ. అది రొక్కమిచ్చి అంగట్లో కొనుక్కునే సరుకు కాదు. ముందు బయానా ఇవ్వాలి. ఆ సొమ్ముతో నేతగాడు నూలు కొని, ఇంటిల్లిపాదీ తిని, నెలల తరవాత తానులు అప్పగిస్తాడు. కంపెనీకీ నేతగాడికీ మధ్య స్థానిక వర్తకుడు ఉంటాడు. కరువొచ్చినా, నూలు ధర పెరిగినా, నేతగాడు ఊరొదిలి వెళ్లినా బయానా మునిగేది. కంపెనీ లెక్కల పుస్తకాల్లో వర్తకుల పేర్ల ఎదుట బాకీలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేవి. ఎవరి తప్పు, ఎవరి నష్టం అన్న తగాదాలతో ఉత్తరాలు నడిచేవి.

దీనికి డచ్చివాళ్లు కోరమాండల్ తీరంలో ఒక ఉపాయం పన్నారు. విడివిడి వర్తకుల చేత ఉమ్మడి పెట్టుబడి సంఘాలు కట్టించారు. బయానా సంఘానికి ఇస్తారు. ఒకడు మునిగితే మిగతావాళ్లు కట్టుకోవాలి. ఇంగ్లీషువాళ్లు దీన్ని చూసి నేర్చుకున్నారు. మద్రాసు గవర్నరు స్ట్రీన్‌షామ్ మాస్టర్ 1679లో బందరు దాకా పర్యటించి, అటు తరవాత 1680 ప్రాంతంలో మద్రాసు వర్తకుల చేత అలాంటి సంఘమే పెట్టించాడు. రాని బాకీని నలుగురి మీద పరిస్తే ఒక్కడి నడుము విరగదన్న లెక్క ఇది. ఆ నలుగురిలో కంపెనీ మాత్రం లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ పనికొస్తుంది.

బందరు రేవు వైభవం తగ్గాక డెల్టా చరిత్ర నీళ్లతో మళ్లీ మొదలైంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు దిగువకు పారాయి, మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. 1864 నవంబరు ఒకటో తేదీ రాత్రి ఉప్పెన బందరు పట్టణం మీదికొచ్చి సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. రేవు మళ్లీ కోలుకోలేదు గానీ కాలువ కింది పొలం ధర మాత్రం ఆగలేదు. ధరున్న భూమి తాకట్టుకు పనికొస్తుంది. తాకట్టుకు పనికొచ్చే భూమి చేతిలో ఉంటే అప్పు పుడుతుంది. డెల్టా రైతు అప్పు పేదరికంలోంచి పుట్టిందని అందరూ రాస్తారు. ఎక్కువభాగం పుట్టింది భూమికి విలువ రావడంలోంచే. పక్క పొలం కొనడానికి, కూతురి పెళ్లికి, కొడుకును కాలేజీలో చేర్చడానికి, దాయాదితో దావాకు అప్పు చేశారు. ఎండిన మెట్ట సీమలో ఇంత పెద్ద అప్పు ఇచ్చేవాడే ఉండడు.

ఇచ్చింది ఎక్కువగా పెద్ద రైతులు, కోమట్లు, ధాన్యం వర్తకులు. మాసూళ్లప్పుడు కల్లంలోనే లెక్క తేలేది. ముందు ధాన్యం, తరవాత నోటు, నోటు మీద వడ్డీ పెరిగాక తనఖా, తనఖా మీద దావా, డిక్రీ, చివరికి అమీనా టముకు వేయించి వేలం. 1930లో మద్రాసు రాష్ట్ర బ్యాంకింగ్ విచారణ సంఘం ఆ రాష్ట్రం మొత్తం మీద వ్యవసాయ రుణం 150 కోట్ల రూపాయలని అంచనా కట్టింది. బస్తా ధాన్యం కొన్ని రూపాయలకు దొరికే రోజుల్లో 150 కోట్లు.

బందరులో ఈ సంగతి బాగా ఎరిగినవాడు ఒక డాక్టరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరు చెబితే 1939లో సుభాస్ చంద్రబోస్ మీద కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయిన సంగతి, కాంగ్రెస్ చరిత్ర రాసిన సంగతి గుర్తొస్తాయి. ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టి బందరులో వైద్యం చేసిన ఈయన సంస్థలు పెట్టడంలో ఘటికుడు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారతలక్ష్మి బ్యాంకు, ఆ తరవాత హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న తలుపులు తీసింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అంతకు పదిహేడేళ్ల ముందు, 1906లో, మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలమంది సొమ్ము ముంచిన జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదు. దేశీయుల బ్యాంకు అన్న మాటకు అందుకే అంత బలం.

ఆ వరుసలో అందరూ మరిచిపోయే ఒక సంస్థ ఉంది. 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు. గుడివాడకు దగ్గర్లో, ఇప్పటి గుడ్లవల్లేరు మండలంలో ఉన్న ఊరు వడ్లమన్నాడు. ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషికి పల్లెటూళ్లో ఇంకో చిన్న బ్యాంకు ఎందుకు?

జవాబు గడువులో ఉంది. మామూలు బ్యాంకు దగ్గరుండే డబ్బు జనం దాచుకున్నది. ఏడాదికో ఆర్నెల్లకో వచ్చి అడుగుతారు. రైతు పాత బాకీ తీరాలంటే పదేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుంది. పంట పంటకూ కొంచెం కొంచెం తప్ప మాగాణి నుంచి అంతకన్నా రాదు. ఆర్నెల్ల డబ్బు తెచ్చి ఇరవయ్యేళ్ల అప్పు ఇచ్చిన బ్యాంకు, జనం ఒక్కసారి వరస కడితే కుప్పకూలుతుంది. ఇరవయ్యేళ్ల అప్పుకు ఇరవయ్యేళ్ల డబ్బే కావాలి. దాన్ని ఎక్కడ తేవాలి?

ఈ చిక్కును అంతకు నూటయాభై ఏళ్ల ముందే ప్రష్యాలో విప్పారు. ఏడేళ్ల యుద్ధం తరవాత సైలీషియా భూస్వాములు అప్పుల్లో మునిగి ఉన్నప్పుడు, 1770లో రాజు రెండో ఫ్రెడరిక్ వాళ్లందరినీ ఒక సంఘంలో చేర్పించాడు. ఎవరి ఎస్టేటు మీద అప్పు వాళ్లదే అయినా, సంఘం పేరుతో అమ్మే పత్రాలకు అందరి భూములూ హామీ. పత్రం కొన్నవాడు ఏ భూస్వామి ఎలాంటివాడో తెలుసుకోనక్కర్లేదు. నచ్చనప్పుడు మరొకరికి అమ్మేసుకోవచ్చు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఫ్రెడరిక్ నికల్సన్ 1890ల్లో ఐరోపా పరపతి సంఘాలన్నీ పరిశీలించి ప్రభుత్వానికి పెద్ద నివేదిక ఇచ్చాడు. అలా ఆ పద్ధతి ముందు కాగితాల మీద ఇక్కడికి వచ్చింది.

1920ల నడుమ మద్రాసు రాష్ట్రంలో అక్కడక్కడ భూమి తనఖా బ్యాంకులు పెట్టి సొంతంగా డిబెంచర్లు అమ్ముకొమ్మన్నారు. వడ్లమన్నాడు బ్యాంకు ఆ ఊపులో వచ్చిందే. అమ్మకం మాత్రం అనుకున్నట్టు సాగలేదు. ఆ రోజుల్లో మైలాపూరు వకీలు ఒకాయన తన సొమ్ము పెట్టడానికి కాగితం కోసం చూస్తున్నాడనుకోండి. చేతిలో పెట్టింది వడ్లమన్నాడు డిబెంచరు. ఆ ఊరెక్కడో ఆయనకు తెలీదు. అక్కడి పాతికమంది రైతులు ఒకే కాలువ కింద సేద్యం చేస్తారు, కాలువకు గండి పడితే పాతికమందీ ఒకేసారి కట్టడం మానేస్తారు. అలాంటి పత్రం ఎవడు కొంటాడు?

అందుకే 1929 చివర్లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు పుట్టింది. పని ఇలా జరిగేది. రైతు తన భూమిని ఊరి బ్యాంకుకు తనఖా పెడతాడు. భూమి విలువలో సగానికి మించి అప్పు ఇవ్వరు. ఊరి బ్యాంకు ఆ తనఖా దస్తావేజును అలాగే మద్రాసు బ్యాంకుకు బదలాయిస్తుంది. మన భాషలో మేడోవర్. అలా గోదావరి నుంచీ కోయంబత్తూరు నుంచీ కృష్ణ నుంచీ వచ్చిన తనఖాలన్నిటినీ ఒక రాశిగా పోసి, ఆ రాశి హామీ మీద మద్రాసు బ్యాంకు డిబెంచర్లు అమ్ముతుంది. కొన్నవాళ్ల తరఫున సహకార సంఘాల రిజిస్ట్రారు ట్రస్టీగా కూర్చుంటాడు. 1934 చట్టం దీనికి గట్టి పునాది వేసింది, ప్రభుత్వ హామీ తోడైంది. ట్రస్టుల సొమ్ము కూడా వీటిలో పెట్టవచ్చన్నారు. దివిసీమలో కృష్ణ పొంగి పైరు పోతే కోయంబత్తూరు పత్తి కాస్తుంది. రాశి పోసిన ఫలితం అదే. ఇవాళ్టి సెక్యూరిటైజేషన్ పాఠ్యపుస్తకం తెరిచి ఆస్తుల బదలాయింపు, మూట, ట్రస్టీ, పత్రం, పైహామీ అన్న మాటల పక్కన ఒక్కొక్క టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు. అమెరికా సంస్థ పత్రాలకు నలభయ్యేళ్ల ముందు.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. ఈ అప్పుల్లో ఎక్కువ భాగం కొత్త నూతులు తవ్వుకోవడానికీ, కొత్త పొలం కొనడానికీ ఇచ్చినవి కావు. పాత బాకీ తీర్చడానికి ఇచ్చినవి. షావుకారు దగ్గర ఇరుక్కుపోయిన నోటూ తనఖా ఇక్కడ నగదుగా తీరేవి. నూటికి రూపాయికి పైచిలుకు వడ్డీ ఉన్న బాకీ అంతకంటే చౌక వడ్డీకి, సమానమైన వార్షిక వాయిదాలకు మారేది. కోర్టుల చుట్టూ తిరిగే బదులు రొక్కం ఇవాళే చేతికొస్తుందంటే షావుకారు వడ్డీలో కొంత వదులుకోవడానికి ఒప్పుకునేవాడు. ఆ వదులుకున్నది రైతు ఖాతాలో తగ్గేది. ధాన్యం కాటా దగ్గర తేమ పేరుతో తీసేసే తరుగు ఎప్పుడూ రైతుదే. ఇక్కడ మాత్రం తరుగు రైతువైపు మొగ్గింది.

సరిగ్గా అప్పుడే ప్రపంచం తలకిందులైంది. 1929 మాంద్యంలో ధాన్యం ధర నాలుగేళ్లలో సగం దాకా పడిపోయింది. బాకీ మాత్రం రూపాయల్లోనే ఉంది. అంటే నిన్న పది బస్తాలతో తీరే బాకీకి ఇవాళ ఇరవై బస్తాలు కొలవాలి. దానిమీద ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు రూపాయికి మూడణాలు పెంచుతామంది. ఎన్.జి. రంగా వంటి నాయకుల వెంట రైతులు రోడ్డెక్కారు. 1935లో సత్యనాథన్ నివేదిక రాష్ట్ర వ్యవసాయ రుణాన్ని 200 కోట్లుగా లెక్కగట్టింది.

ఈ కాలంలోనే ‘ఐపీ పెట్టడం’ కృష్ణా, గుంటూరు జిల్లాల మాటల్లో స్థిరపడింది. 1920 దివాలా చట్టం కింద ఇన్‌సాల్వెన్సీ పిటిషను వేయడమన్నమాట. ఐపీ పెట్టినవాడి గురించి ఊళ్లో రెండు రకాల చూపులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. పాపం చితికిపోయాడని కొందరంటే, ఆస్తి బావమరిది పేర రాసేసి చేతులెత్తాడని మిగతావాళ్లు అంటారు. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అంటే, వ్యక్తుల దివాలాకు సంబంధించిన దాని భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు తప్ప, మామూలు మనుషులకు అమల్లోకి రాలేదు. ఆ పాత చట్టం కిందే ఇవాళా ఐపీలు పడుతున్నాయి.

1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. 1938లో వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం, ఆ ఏడాది నాలుగో చట్టం, తెచ్చింది. మొహమాటం లేని చట్టం. 1932 అక్టోబరు ఒకటికి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు ఒకటి నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే అసలు కూడా తీరినట్టే. తరవాతి బాకీలకు అయిదు శాతం సాదా వడ్డీ, ఇకమీదట చేసే అప్పులకు ఆరుంపావు. మొండి బాకీ తీర్చే దారుల్లో ఇది సూటిదారి. నష్టాన్ని అప్పిచ్చినవాడి పద్దులో రాసి లెక్క మూసేయడం. షావుకార్లు కోర్టుకెక్కారు. ప్రామిసరీ నోట్లు కేంద్ర జాబితాలోని విషయం, రాష్ట్రం వాటి జోలికి ఎలా వస్తుందన్నారు. మేడోవర్ నోటు కొనుక్కున్నవాడి గతేమిటన్న ప్రశ్న అందులోనే దాగుంది. వ్యవహారం ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. డిక్రీ అయిపోయిన బాకీ ఇక నోటు కింద లెక్క కాదని, చట్టం దానికి చెల్లుతుందని 1940లో ఆ కోర్టు తేల్చింది.

ఆ తరవాత యుద్ధం వచ్చి ధాన్యం ధరను పెంచింది. చట్టం చేయలేని పని కొంత ధర చేసింది. భూమి తనఖా బ్యాంకులు భూమి అభివృద్ధి బ్యాంకులయ్యాయి. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగవాక్ష విధానమంటూ వాటిని ఊరి పరపతి సంఘాల్లో, జిల్లా బ్యాంకుల్లో కలిపేసింది. ఇరవయ్యేళ్ల డబ్బూ ఆర్నెల్ల డబ్బూ మళ్లీ ఒకే గల్లాపెట్టెలో పడ్డాయి. వడ్లమన్నాడు పాఠం అక్కడితో మరుగునపడింది.

మధ్యలో 1977 నవంబరు 19. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు అధికారికంగానే పదివేలు. తాకట్టు గురించి రాసేవాళ్లు ఈ రోజును గుర్తుంచుకోవాలి. దస్తావేజులో తూర్పు ఫలానా వారి పొలం, పడమర డొంక, దక్షిణం మురుగు కాలువ అని హద్దులు ఉంటాయి. నీళ్లు తీసేసరికి ఫలానావారు లేరు, డొంక ఇసుక మేట కింద ఉంది, సెంటు కూడా తగ్గకుండా మిగిలిన పొలం ఉప్పుతేలి పడి ఉంది. బ్యాంకు పుస్తకంలో హామీ విలువ మాత్రం అంతే.

ఆంధ్రా బ్యాంకు 1964లో భారతలక్ష్మి బ్యాంకును కలుపుకుంది. 1980 ఏప్రిల్ 15న జాతీయమైంది. 1980ల చివరికి దేశంలోని ప్రభుత్వ బ్యాంకుల పుస్తకాలన్నీ రాని వడ్డీని వచ్చినట్టే రాసుకుంటూ మెరుస్తుండేవి. 1991లో ఆ మెరుగు గీకి చూపించినవాడు తెలుగువాడైన మైదవోలు నరసింహం. 1977లో కొన్ని నెలలు రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసినాయన. మొండి బాకీలను బ్యాంకుల నుంచి విడదీసి వేరే సంస్థ చేతిలో పెట్టాలని ఆయన మొదటి కమిటీ చెప్పింది. 1998లో రెండో కమిటీ అదే మాటను ఇంకా గట్టిగా చెప్పింది. అప్పటికి అమెరికా 1989లో పెట్టిన రిజల్యూషన్ ట్రస్టు కార్పొరేషన్ పని ముగించింది. కొరియాలో, 1999లో చైనాలో అలాంటి సంస్థలే వచ్చాయి. 2002లో మనకు సర్ఫేసీ.

చట్టం రెండు పనులు చేసింది. బ్యాంకుకు కోర్టు గడప తొక్కకుండా తాకట్టు ఆస్తిని పట్టుకునే హక్కు ఇచ్చింది. 60 రోజుల నోటీసు, తరవాత స్వాధీనం, తరవాత వేలం. అమీనా, టముకు, డిక్రీ ఏవీ అక్కర్లేదు. బాకీదారు దీనిమీద రుణ వసూళ్ల ట్రిబ్యునలుకు పోవాలంటే బాకీలో 75 శాతం ముందు కట్టమన్న షరతును మాత్రం 2004లో సుప్రీంకోర్టు మార్డియా కెమికల్స్ కేసులో కొట్టేసింది. ఇక రెండోది, ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలు. ఇవి బ్యాంకుల మొండి బాకీలను తరుగుకు కొంటాయి. ఒక ట్రస్టు పెట్టి, బాకీలు అందులో వేసి, వాటిమీద ‘సెక్యూరిటీ రసీదులు’ ఇస్తాయి. వసూలైనంత రసీదుదారులకు పంచుతాయి. మామూలు జనం ఈ రసీదులు కొనడానికి వీల్లేదు, పెద్ద సంస్థలకే.

చదవడానికి మద్రాసు డిబెంచరులాగే ఉంది. తేడా తెలియాలంటే రసీదులు ఎవరి దగ్గరున్నాయో చూడాలి. 2006 నుంచి 2014 దాకా ఉన్న నియమం ప్రకారం కంపెనీ తన చేతి సొమ్ము అయిదు శాతం పెడితే చాలు. మిగతా 95 శాతానికి రసీదులు ఇచ్చేది. ఆనాటి వర్తకుల సంఘంలో నష్టం మోసే నలుగురిలో కంపెనీ లేదు. ఇక్కడ మాత్రం ఆ రసీదులు తీసుకున్నది చాలాసార్లు బాకీ అమ్మిన బ్యాంకే. గేదెను సంతకు తోలుకెళ్లి, నూటికి అయిదు రొక్కం పుచ్చుకుని, మిగతాదానికి కాగితం రాయించుకుని రావడమన్నమాట. గేదె కొట్టంలోంచి పోయింది, పద్దులోంచి పోయింది, బరువు మాత్రం పోలేదు. రిజర్వు బ్యాంకు 2014లో ఆ అయిదును పదిహేను చేసింది. 2021లో పెట్టిన జాతీయ ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకీ అదే కొలత. 15 శాతం రొక్కం, 85 శాతం రసీదులు, వాటికి కేంద్రం 30,600 కోట్ల రూపాయల దాకా హామీ ఇచ్చింది.

తరుగు సంగతి ఇంకా చిత్రం. 1930ల్లో షావుకారు వదులుకున్నది రైతు బాకీలో తగ్గింది. ఇప్పుడు బ్యాంకు నూరు రూపాయల బాకీని నలభైకి అమ్మిందనుకుంటే, బాకీదారు ఆ కంపెనీకి ఇప్పటికీ నూరూ బాకీయే. ఆ అరవైలో అతనికి దక్కేదేదైనా ఉంటే బేరమాడి తెచ్చుకోవాలి, చట్టం ఇవ్వదు. నోటు వెనక రాసే మేడోవర్‌కే ఇది దగ్గర. వడ్లమన్నాడుకు కాదు.

డెల్టా వరకు చూస్తే ఈ చట్టంలో పెద్ద మినహాయింపు ఒకటుంది. 31వ సెక్షను వ్యవసాయ భూమిని వదిలేసింది. పంట రుణం మొండిబాకీ అయినా, బ్యాంకు ఈ దారిన పొలం మీద చెయ్యి వేయలేదు. మిగతా అప్పులకు 90 రోజుల లెక్క ఉంటే, వరి వంటి పంటలకు రెండు పంట కాలాల గడువు ఉంది. కాబట్టి సర్ఫేసీ నోటీసు అంటించిన తలుపులు గుడివాడ రైసు మిల్లువో, ఐసు ఫ్యాక్టరీవో, అపార్టుమెంటువో అయి ఉంటాయి. మరి చెరువు సంగతి? కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు నిన్నటి వరి పొలం ఇవాళ రొయ్యల చెరువు. రెవెన్యూ అడంగల్లో మాగాణి, గట్టు మీద ఏరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్. అది వ్యవసాయమా, పరిశ్రమా? రికార్డులో రాసిన మాట ఒక్కటే చాలదని, భూమిని నిజంగా దేనికి వాడుతున్నారో చూడాలని 2018లో ఇండియన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీళ్లకు పనే పని. అప్పు తీసుకునేటప్పుడు పరిశ్రమ అని, నోటీసు వచ్చాక వ్యవసాయమని చెప్పే రైతు ఒకవైపు. అప్పు ఇచ్చేటప్పుడు వ్యవసాయ లక్ష్యం కింద చూపించి, వసూలప్పుడు పరిశ్రమ అనే బ్యాంకు ఇంకోవైపు. ఇద్దరికీ తెలుసు.

పొలం అప్పుకు కాగితం మార్గం మూసుకుపోతే రాజకీయం మార్గం తెరిచింది. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా రుణమాఫీ అంది. సొమ్ము ఒక్కసారిగా ఇవ్వలేదు. అయిదు విడతలుగా, మిగిలినదానికి పది శాతం వడ్డీతో ఇస్తామని రైతు చేతిలో రుణ ఉపశమన పత్రం పెట్టింది. తరతరాలుగా కాగితం మీద సంతకాలు పెడుతూ వచ్చిన రైతు మొదటిసారి బాకీ రావాల్సినవాడి వైపు కూర్చున్నాడు, బాకీదారు సర్కారు. చివరి రెండు విడతలు అందకముందే 2019లో ప్రభుత్వం మారింది, చెల్లింపు ఆగింది. ఆ పత్రాన్ని మేడోవర్ చేయడానికి వీల్లేదు, వేలం వేయడానికి అంతకన్నా వీల్లేదు.

ఆంధ్రా బ్యాంకు కథ అదే కాలంలో ముగిసింది. 2019 మార్చి నాటికి అది ఇచ్చిన అప్పుల్లో నూటికి పదహారు రూపాయలకు పైగా మొండి బకాయి. ఎక్కువ భాగం పెద్ద పరిశ్రమలవి, కృష్ణా రైతులవి కావు. ఆ ఆగస్టు 30న ఢిల్లీలో విలీనం ప్రకటించారు. 2020 ఏప్రిల్ ఒకటిన ఆంధ్రా బ్యాంకు, అప్పులూ డిపాజిట్లూ తాకట్టు కాగితాలతో సహా, యూనియన్ బ్యాంకుకు చెందింది. ఆంధ్రా బ్యాంకు పేర నోటు రాసిచ్చినవాళ్లందరూ ఆ ఉదయం నుంచి మరొకరికి బాకీ.

ఇప్పుడు పేపరు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల స్వాధీన ప్రకటనలు వస్తుంటాయి. బాకీ కొన్న కంపెనీ పేరు, అది ఏ నంబరు ట్రస్టుకు ట్రస్టీగా నిలబడిందో ఆ నంబరు, బాకీ మొత్తం, కింద ఆస్తి షెడ్యూలు. నెంబర్లూ పేర్లూ ముంబయివి. షెడ్యూలు మాత్రం దస్తావేజు లేఖరి రాసిన పాత తెలుగులోంచి దిగినది. తూర్పు రోడ్డు, దక్షిణం ఫలానావారి ఇల్లు, పడమర మిల్లు ప్రహరీ, ఉత్తరం పంట కాలువ గట్టు.